కాలజ్ఞుడు విశ్వేశ్వరయ్య

బెంగుళూరుకు ఉత్తరంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో నందికొండలు ఉన్నాయి. ఆ కొండల చెంత, చిక్కబళ్ళాపురానికి సమీపంలో ముద్దేనహళ్ళి అనే చిన్న గ్రామం ఉంది. పూర్వం ఆ గ్రామం కోలారు జిల్లాలో ఉండేది. ఇప్పుడు చిక్కబళ్ళాపుర జిల్లాలో ఉంది. అక్కడ 1861 సెప్టెంబరు 15వ తేదీన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ.

ఆ కుటుంబం ఎక్కడనుండి వచ్చిందో ఇంటిపేరే చెబుతుంది. మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు, కంభం ప్రాంతానికి చెందిన గ్రామం. విశ్వేశ్వరయ్య పూర్వులు ఎన్నో తరాల క్రితం ఆ ఊరు విడిచి మైసూరు రాజ్యంలో స్థిరపడ్డారు. ఇంట్లో వారి మాట తెలుగు. వీధిలోనూ, బడిలోనూ కన్నడం. ఇంగ్లీషు ఉన్నత చదువులతో వచ్చింది. మరాఠీని ఆయన ఉద్యోగంలో చేరిన తరువాత నేర్చుకొన్నారు. ఇల్లు ఒక భాష, ఊరు ఒక భాష కావడం ఆయన ఎదుగుదలకు ఏనాడూ అడ్డుకాలేదు.

నూరేళ్ళు బ్రతికినవారు లోకంలో ఇంకా కొందరు ఉన్నారు. అయితే తొంబై ఏళ్ళు దాటిన తరువాత కూడా నది ఒడ్డున నిలబడి, వంతెనకు ఏ చోటు అనుకూలమో పరిశీలించి నివేదిక వ్రాసినవారు అరుదు. విశ్వేశ్వరయ్య చేసిన పనుల పట్టిక చూస్తే ఇవన్నీ ఒక్క మనిషి చేసినవేనా అనిపిస్తుంది. ఆయనకూ రోజుకు ఇరవైనాలుగు గంటలే. ఆ గంటలను ఆయన ఎలా వాడుకొన్నారో తెలుసుకోవాలంటే ఆయన బాల్యం నుండి మొదలుపెట్టాలి.

విశ్వేశ్వరయ్య ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురంలో సాగింది. చిన్న వయసులోనే తండ్రి మరణించాడు. ఆస్తి అంటూ చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పండితుల ఇంట పుస్తకాలకు కొదవ ఉండదు గాని కాసులకు ఎప్పుడూ కొదవే. తల్లి ధైర్యం విడువక కుమారుణ్ణి చదువుకోసం బెంగుళూరు పంపింది. అక్కడ మేనమామ రామయ్య ఇల్లు ఆదరువు అయింది. కాని జీతానికీ, పుస్తకాలకూ డబ్బు కావాలి. అందుకోసం విశ్వేశ్వరయ్య ఒక కొడగు కుటుంబంవారి పిల్లలకు చదువు చెప్పడానికి ఒప్పుకొన్నారు.

అప్పటినుండి ఆయన రోజు ముక్కలు ముక్కలైంది. భోజనం ఒకచోట, పిల్లలకు పాఠాలు వేరొకచోట, తన చదువు సెంట్రల్ కాలేజీలో. ఒకచోటు నుండి మరొకచోటికి కాలినడకనే పోవాలి. ఈ నడుమ మిగిలిన కొద్ది సమయంలోనే సొంత పాఠాలు చదువుకోవాలి. సాయంత్రం చదువుదాములే అని ఉదయాన్ని వదులుకొంటే సాయంత్రం పిల్లల పాఠాలకే చాలదు. కాలాన్ని గంటలవారీగా పంచుకోవడం ఆయన ఏ పుస్తకంలోనో చూసి నేర్చుకొన్నది కాదు. అది పేదరికం నేర్పిన విద్య. 1881లో ఆయన బి.ఎ. పట్టా పొందారు.

మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివారు. 1883లో జరిగిన పరీక్షలో బొంబాయి రాజధానిలో ప్రథముడుగా నిలిచి బహుమతి అందుకొన్నారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వం ఆయనను ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నియమించింది. ఉద్యోగ జీవితం నాసిక్‌లో మొదలై, ఖాందేశ్ ప్రాంతంలోని ధూళేకు సాగింది.

అక్కడ జరిగిన ఒక సంఘటనను వివరంగా చెప్పుకోవాలి. పాంజ్రా నదికి చెందిన ఒక పాయను దాటించి పంట కాలువ నీటిని అవతలి గట్టుకు చేర్చవలసి వచ్చింది. అందుకోసం ఒక గొట్టాన్ని అమర్చాలి. ఇటుపక్క నీరు గొట్టంలోకి దిగి, అటుపక్క తనంతట తానే పైకి వస్తుంది. దీనిని సైఫను అంటారు. ఆ పని కొత్తగా వచ్చిన ఈ యువ ఇంజనీరుకు అప్పగించారు. పని మొదలైంది. అంతలో వానలు పట్టుకొన్నాయి. నదికి వరదలు వచ్చాయి. త్రవ్విన చోటల్లా ఇసుక మేట వేయసాగింది. ఇవాళ తీసిన ఇసుక రేపటికి మళ్ళీ నిండుతుంది. ఖర్చు పెరుగుతుంది, పని జరగదు. విశ్వేశ్వరయ్య ఆలోచించి, వానాకాలం గడిచేవరకు పని ఆపితే బాగుంటుందని పై అధికారికి వ్రాశారు.

ఆయన కోరిక సోమరితనం వల్ల పుట్టినది కాదు. చెప్పిన కారణం సరియైనదే. కాని పై అధికారి దానికి సమ్మతించలేదు. అప్పగించిన పనిని ఇలా వెనుకకు నెట్టడం క్రమశిక్షణ అనిపించుకోదని మందలిస్తూ జవాబు వ్రాశాడు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోనే వచ్చిన మందలింపు అది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ యువకునికి అది ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. వానలో పని చేయించమనడం అన్యాయమని వాదించవచ్చు. ముఖం మాడ్చుకొని పనిని నత్తనడక నడిపించనూవచ్చు. విశ్వేశ్వరయ్య ఈ రెండూ చేయలేదు. నది ఒడ్డుకు తిరిగి వెళ్ళారు. వరద తగ్గిన రోజుల్లో ఏమి చేయవచ్చు, వరద ఉన్న రోజుల్లో ఏమి సిద్ధం చేసి ఉంచవచ్చు అని విడివిడిగా చూసుకొన్నారు. ఇబ్బందులన్నీ అలాగే ఉన్నాయి. వాటి మధ్యనే గొట్టం అమరింది, కాలువ నీరు అవతలి గట్టుకు చేరింది.

పనిని వాయిదా వేయడానికి కారణాలు వెదుక్కోనవసరం లేదు, అవే వస్తాయి. వచ్చినవాటిలో మంచి కారణాలు కూడా ఉంటాయి. వాటితోనే చిక్కు. చెడ్డ కారణాన్ని మనసు తానే గుర్తుపడుతుంది. మంచి కారణం మాత్రం మనిషిని కూర్చోబెట్టి నిద్రపుచ్చుతుంది. పని మొత్తం ఈనాడు చేయలేకపోయినా, ఈనాడు చేయగలిగిన భాగం ఏదో ఒకటి అందులో ఉంటుంది. ఆ భాగాన్ని వెదికి పట్టుకోవడం విశ్వేశ్వరయ్యకు పాంజ్రా ఒడ్డున అలవడింది. తరువాత ఆయన చేసిన పెద్ద పనులన్నిటిలోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది.

1894లో ఆయనను సింధు ప్రాంతంలోని సుక్కూరుకు పంపారు. ఇప్పుడది పాకిస్తానులో ఉంది. ఎండలు మండిపోయే ఊరు. సింధునది ప్రక్కనే పారుతున్నా నీరు బురదగా ఉండేది. శుద్ధిచేసే పెద్ద కట్టడాలకు పురపాలక సంఘం వద్ద డబ్బు లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి త్రవ్వించి, ఇసుక పొరలగుండా వడిసి వచ్చిన నీటిని ఊరికి అందించే ఏర్పాటు చేశారు. మరుసటి సంవత్సరానికల్లా నీరు వచ్చింది.

పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన తలుపులు మరింత పేరు తెచ్చాయి. ఆ జలాశయంలో ఏటా వానాకాలంలో అదనపు నీరు మత్తడి మీదుగా వృథాగా పోయేది. వేసవి వచ్చేసరికి నీటికి కరువు. కట్ట ఎత్తు పెంచాలంటే చాలా ఖర్చు. మత్తడి మీద మామూలు తలుపులు బిగిస్తే మరొక ప్రమాదం ఉంది. వరద అర్ధరాత్రి వస్తే తలుపు ఎత్తవలసిన మనిషి మేలుకొని ఉండాలి. ఒక గంట ఆలస్యమైతే కట్టకే ముప్పు. విశ్వేశ్వరయ్య ఆలోచించి, నీరు ఒక మట్టానికి చేరగానే తమంతట తామే తెరుచుకొని, వరద తగ్గగానే తమంతట తామే మూసుకొనే తలుపులను రూపొందించారు. 1903లో వాటిని అక్కడ అమర్చారు. తరువాత గ్వాలియరులోనూ, మైసూరులోనూ వాటిని వాడారు. ఆ తలుపులపై ఆయనకు పేటెంటు ఉంది. వాటివల్ల వచ్చే సొమ్ము తీసుకొనే హక్కు కూడా ఉంది. కాని ప్రభుత్వోద్యోగంలో ఉండి చేసిన పనికి వేరే ప్రతిఫలం పుచ్చుకోవడం న్యాయం కాదని ఆయన దానిని తీసుకోలేదు.

పూనాలో ఉన్న కాలంలో రానడే, గోఖలే వంటి పెద్దలతో ఆయనకు పరిచయం కలిగింది. కాలువల క్రింద రైతులందరికీ వంతులవారీగా నీరందే బ్లాకు పద్ధతిని కూడా అప్పుడే ప్రవేశపెట్టారు. 1898లో జపానును సందర్శించారు. ఎంత సమర్థత చూపినా, ఆనాటి పరిస్థితులలో ఒక భారతీయునికి అత్యున్నత పదవి దక్కే అవకాశం తక్కువ. అది గ్రహించి 1908లో ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువు నుండి విరమించుకొని విదేశయాత్రకు బయలుదేరారు. అప్పటికి ఆయన వయసు 47 సంవత్సరాలు. చాలామంది ఇక విశ్రాంతి అనుకొనే సమయంలో ఆయన జీవితంలోని పెద్ద పనులు మొదలయ్యాయి.

1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరాన్ని మూసీనది ముంచెత్తింది. వంతెనలు మునిగాయి. ఇళ్ళు కూలాయి. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి విపత్తు మళ్ళీ రాకుండా ఉపాయం చెప్పవలసిందిగా నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను కోరింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరారు.

వచ్చిన వెంటనే ఆయన కట్టడాల మాట ఎత్తలేదు. వాన లెక్కలు సేకరించడం మొదలుపెట్టారు. ఏ ఊళ్ళో ఎన్ని అంగుళాలు కురిసింది, ఎన్ని గంటల్లో కురిసింది, ఆ నీరు నగరానికి ఎంతసేపటిలో చేరింది అని ఒక్కొక్కటే తెలుసుకొన్నారు. మూసీ పరీవాహక ప్రాంతంలో వందలాది చెరువులున్నాయి. ఆ కుంభవృష్టికి వాటిలో రెండువందలకు పైగా తెగాయి. ఒక చెరువు తెగి క్రింది చెరువు మీద పడగా అదీ తెగింది. ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది. కారణం తెలిసిన తరువాత మార్గం దొరికింది. నగరానికి ఎగువన మూసీమీద ఒకటి, దాని ఉపనది ఈసీమీద ఒకటి జలాశయాలు కట్టాలి. వరదను వాటిలో పట్టి ఉంచి, నదికి హాని కలగనంత మేరకే మెల్లగా విడవాలి. 1909 అక్టోబరుకల్లా ఆయన తన నివేదికను ప్రభుత్వానికి సమర్పించారు. వచ్చింది ఏప్రిల్‌లో. మధ్య ఆరు నెలలు కూడా లేవు. ఆ సూచన ప్రకారం వెలసినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తి అయ్యాయి. అవి వరదను ఆపడమే కాక ఎన్నో దశాబ్దాలపాటు నగరానికి మంచినీరు ఇచ్చాయి.

నివేదిక ఇచ్చిన మరుసటి నెలలోనే ఆయన మైసూరు రాజ్యానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. అక్కడ మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరు. సొంత రాజ్యానికి సేవ చేసే అవకాశం వచ్చినందుకు విశ్వేశ్వరయ్య సంతోషించారు. ఆయన మనసులో అప్పటికే కావేరి ఉంది.

కావేరి మీద శివనసముద్రం వద్ద 1902లోనే జలవిద్యుత్ కేంద్రం నెలకొల్పారు. అక్కడి విద్యుత్తు కోలారు బంగారు గనులకు పోయేది. ఆ గనుల్లో పొట్టపోసుకోవడానికి వచ్చిన కుటుంబాల్లో తెలుగువారు ఎందరో ఉండేవారు. వేసవిలో నదిలో నీరు తగ్గితే విద్యుత్తుకు ఇబ్బంది. మరొకవైపు మండ్య ప్రాంతంలోని పొలాలు వానకోసం ఆకాశం వంక చూస్తూ ఉండేవి. కన్నంబాడి అనే చోట పెద్ద ఆనకట్ట కడితే రెండు ఇక్కట్లూ తీరుతాయని విశ్వేశ్వరయ్య ప్రణాళిక తయారుచేశారు.

ప్రణాళిక కాగితాల మీద సిద్ధంగా ఉంది గాని ప్రభుత్వ అనుమతి రాలేదు. ఇంత డబ్బు ఎక్కడినుండి తేవాలి, ఇంత విద్యుత్తు కొనేవారెవరు, ఇంత నీరు వాడే పొలాలెక్కడ అని ఆర్థిక వ్యవహారాలు చూసేవారు ప్రశ్నించారు. ప్రశ్నలు అడగడం వారి ధర్మమే. విశ్వేశ్వరయ్య లెక్కలతో సమాధానాలు చెప్పారు. అయినా నిర్ణయం సాగుతూ వచ్చింది. చివరకు మహారాజు స్వయంగా శ్రద్ధ వహించి 1911 అక్టోబరులో 81 లక్షల రూపాయలు మంజూరు చేశారు. నవంబరులోనే పని ప్రారంభమైంది. పునాదులు త్రవ్వుతుండగా ఒక పారశీక శిలాశాసనం బయటపడింది. అదే చోట ఆనకట్ట కట్టాలని 1794లో టిప్పు సుల్తాను శంకుస్థాపన చేయించినట్లు అందులో ఉంది. ఆ సంకల్పం నూరేళ్ళకు పైగా మట్టిలోనే ఉండిపోయింది.

అంతలో మరొక చిక్కు వచ్చింది. కావేరి మైసూరు దాటి తమిళ ప్రాంతంలో ప్రవహిస్తుంది. ఎగువన ఆనకట్ట కడితే దిగువ రైతులకు నీరు తగ్గుతుందని మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మొదటి దశలో 80 అడుగుల ఎత్తు వరకు మాత్రమే అంగీకారం దొరికింది. పూర్తి ఎత్తు సంగతి తేలేవరకు ఆగుదామని ఎవరైనా అనుకోవచ్చు. విశ్వేశ్వరయ్య ఆగలేదు. అనుమతి ఉన్న మేరకు పైకి కట్టడం సాగిస్తూనే, పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు సరిపడేటంత వెడల్పుగా వేయించారు. ఇందులో సాహసం ఉంది. రెండవ దశకు ఎన్నటికీ అనుమతి రాకపోతే ఆ అదనపు ఖర్చు అంతా ఆయన తలమీద పడేది. రెండు రాజ్యాల మధ్య ఒప్పందం కుదిరింది 1924లో. అప్పటివరకు ఆగి ఉంటే కట్ట అప్పుడే మొదలయ్యేది.

నది పనిలో కాలం మామూలు కాలం కాదు. జూన్‌లో నైరుతి ఋతుపవనాలు మొదలైతే కావేరి పొంగుతుంది. మళ్ళీ నీరు తగ్గేవరకు నదీగర్భంలో రాయి పేర్చడం సాధ్యం కాదు. అందుచేత వేసవిలో ఒక్క వారం పోగొట్టుకొంటే ఒక్కొక్కప్పుడు సంవత్సరమే పోతుంది. గనులకు మాట ఇచ్చిన ప్రకారం 1915 వర్షాకాలం నాటికి కట్ట కొంత ఎత్తుకు లేచి తీరాలి. వేలాది కూలీలు పనిచేశారు. పగలు చాలక రాత్రివేళ పెద్ద దీపాలు వెలిగించి పని సాగించారు. అడవి ప్రాంతం కావడంవల్ల మలేరియా జ్వరాలు వ్యాపించాయి. వైద్యం ఏర్పాటు చేస్తూ, జబ్బుపడినవారి స్థానంలో కొత్తవారిని చేరుస్తూ పని ఆగకుండా చూశారు. ఆనాడు సిమెంటు విదేశాల నుండి రావాలి, ధర ఎక్కువ. ఓడలో వచ్చేవరకు ఎదురుచూడకుండా ఇటుకపొడి, సున్నం కలిపిన సుర్కీ గారతో కట్టించారు. గడువు లోపల కావలసిన ఎత్తు వచ్చింది.

ఆనకట్ట నిర్మాణం మొత్తం 1931కి గాని పూర్తికాలేదు. ఎత్తు 130 అడుగులు, పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైన. దానికి మహారాజు పేరు మీద కృష్ణరాజసాగరం అని పేరు పెట్టారు. జలాశయం క్రింద మునిగిన ఊళ్ళనుండి వేలాది కుటుంబాలు ఇళ్ళు విడిచిపోవలసి వచ్చింది. కట్ట కథ చెప్పేటప్పుడు వారిని మరువరాదు. మండ్య పొలాలు పచ్చబడ్డాయి. చెరకు పండింది. ఆ ప్రాంతపు రైతుల ఇళ్ళలో ఈనాటికీ విశ్వేశ్వరయ్య పటం కనిపిస్తుంది.

కట్ట పని సాగుతుండగానే, 1912లో మహారాజు ఆయనను దివానుగా నియమించారు. దివాను అంటే రాజ్యానికి ప్రధానమంత్రి వంటివాడు. ఆ పదవి స్వీకరించే ముందు విశ్వేశ్వరయ్య బంధువులందరినీ పిలిచి, తన వద్దకు ఎవరూ సిఫారసులకోసం రాకూడదని ముందుగానే మాట తీసుకొన్నారని చెబుతారు. తరువాత మొగమాటపడి గంటలు వృథా చేసుకోవడం కంటె ముందే ఒకమాట చెప్పడం మేలు కదా.

ఆయన దినచర్యలో రహస్యమేమీ లేదు. వేకువనే లేచేవారు. నడక తప్పేది కాదు. ఇంటిలో ఉన్నా, కచేరీలో ఉన్నా చక్కగా తలపాగా, కోటు ధరించి పనికి సిద్ధంగా ఉండేవారు. తనను చూడవచ్చేవారికి వేళ నిర్ణయించేవారు. ఆ వేళకు తాను తప్పేవారు కాదు, వచ్చేవారు తప్పితే సహించేవారు కాదు. పర్యటనకు వెళ్ళినప్పుడు చూసినవన్నీ అక్కడికక్కడే వ్రాసుకొనేవారు. బల్లమీద నిఘంటువు ఉండేది. మాట అర్థంలో సందేహం కలిగితే అప్పుడే చూసేవారు. రేపు చూద్దాం అనుకొన్న సందేహం రేపటికి గుర్తుండదు. ఇవన్నీ చిన్న విషయాలే. కాని చిన్న విషయాలు పేరుకొనకుండా చూసుకొన్న మనిషికే పెద్దపనికి తీరిక దొరుకుతుంది.

వేగం వేరు, తొందర వేరు. ఒక పల్లె బడికి ఆయన వెళ్ళినప్పటి కథ కర్ణాటకలో చెప్పుకొంటారు. పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఉపాధ్యాయుడు కోరగా అప్పటికప్పుడు ఏదో మాట్లాడి వచ్చారట. కాని సిద్ధపడకుండా మాట్లాడినందుకు మనసు ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకు ప్రసంగం చక్కగా వ్రాసుకొని, మిఠాయిలు తీసుకొని తిరిగి ఆ బడికే వెళ్ళి మాట్లాడి వచ్చారట. దివానుగారు పల్లెపిల్లలకోసం రెండుసార్లు రావడం ఆ బడికి పండుగే అయి ఉంటుంది.

దివానుగా ఉన్న ఆరేళ్ళలో జరిగిన పనులు లెక్కకు మించినవి. 1913లో మైసూరు బ్యాంకు, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, ఆ మరుసటి సంవత్సరం బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. గంధపుచెక్కను ముడిసరుకుగా విదేశాలకు పంపే బదులు ఇక్కడే నూనె తీసే కర్మాగారం వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో పని ఎలా జరుగుతోందో, కాగితాలు ఎక్కడ నిలిచిపోతున్నాయో తనిఖీ చేసే పద్ధతిని కూడా ఆయన ప్రవేశపెట్టారు. ఇది ఉద్యోగులందరికీ రుచించలేదు. ఆయన వేగాన్ని అందుకోలేక విసుగుకొన్నవారు ఉన్నారు.

1918లో ఆయన దివాను పదవికి రాజీనామా చేశారు. ప్రభుత్వోద్యోగాలలో వెనుకబడిన కులాలవారికి తగినన్ని అవకాశాలు కల్పించాలని మహారాజు తలచారు. నియామకాలకు ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలని విశ్వేశ్వరయ్య భావించారు. ఈ విషయంలో ఆయనతో ఏకీభవించనివారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. శతాబ్దాలుగా బడి గడప తొక్కనివ్వని వారికి ప్రతిభ చూపే అవకాశమే లేకపోయిందన్న వాదంలో చాలా సత్యం ఉంది. అభిప్రాయం కలవనప్పుడు ఆయన పదవిని పట్టుకొని వేలాడలేదు. మహారాజుపై గౌరవమూ తగ్గలేదు.

పదవి పోయినంత మాత్రాన పని పోలేదు. 1920లో భారతదేశ పునర్నిర్మాణం గురించి ఒక పుస్తకం వెలువరించారు. 1923లో భద్రావతి ఇనుప కర్మాగారం బాధ్యత స్వీకరించి, నష్టాలలో ఉన్న ఆ సంస్థను దారిలో పెట్టారు. అందుకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని యువకులకు వృత్తివిద్యలు నేర్పే సంస్థకు ఇప్పించారు. దానికి తన పేరు పెట్టనివ్వలేదు. 1943లో ఆ సంస్థ జయచామరాజేంద్రుని పేరిట బెంగుళూరులో వెలసింది. దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ అవసరమని చెబుతూ 1934లో మరొక గ్రంథం వ్రాశారు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశం పంచవర్ష ప్రణాళికలు మొదలుపెట్టింది 1951లో.

1937లో ఒరిస్సా వరదలతో అల్లాడుతుండగా గాంధీజీ సూచన మేరకు ఆ ప్రభుత్వం విశ్వేశ్వరయ్య సలహా కోరింది. అప్పటికి ఆయన వయసు 76. మహానది పొంగి కటకం పరిసరాలను, సముద్రతీర ప్రాంతాన్ని ముంచడం ఏటా ఉన్నదే. గట్లు ఎత్తు చేయడం, మరుసటి ఏడు మళ్ళీ తెగడం. ఆయన ఆ ప్రాంతమంతా తిరిగి చూసి, ఎగువన పెద్ద జలాశయాలు నిర్మించి వరదను పట్టి ఉంచడమే అసలు మార్గమని నివేదిక వ్రాశారు. మూసీ విషయంలో చెప్పినదే ఇక్కడ మరింత పెద్ద ఎత్తున చెప్పారు. సంబల్‌పూర్ దగ్గర మహానది మీద నిర్మించిన హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమైంది. దానిని చూసేవరకు ఆయన జీవించి ఉన్నారు.

1951లో తన ఉద్యోగ జీవిత స్మృతులను ప్రచురించారు. ఆ పుస్తకంలో సొంత సుఖదుఃఖాల ప్రసక్తి చాలా తక్కువ. చేసిన పనులు, ఎదురైన చిక్కులు, అయిన ఖర్చు, పట్టిన కాలం ఇవే ఎక్కువ. కథలా చదవాలనుకొనేవారికి అది కొంచెం పొడిగా తోచవచ్చు. పాంజ్రా నది ఒడ్డున తాను పని ఆపుదామని వ్రాయడం, పై అధికారి మందలించడం కూడా ఆయన అందులో దాచకుండా చెప్పారు. అప్పటికి ఆ సంగతి జరిగి అరవై ఏళ్ళు దాటింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

ఆ మరుసటి సంవత్సరం బీహారులో గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలన్న వివాదం వచ్చింది. ఎవరి ప్రాంతానికి వారు వంతెన కావాలన్నారు. ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని విశ్వేశ్వరయ్యకు అప్పగించింది. బెంగుళూరులో కూర్చుని పటాలు చూసి అభిప్రాయం చెప్పినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. తొంబై ఏళ్ళు దాటిన ఆ వృద్ధుడు రైలులో అంతదూరం ప్రయాణం చేసి, నదిని, గట్లను స్వయంగా చూసి మొకామా అనువైన చోటని తేల్చారు. రైలు మార్గం, రోడ్డు మార్గం రెండూ ఉన్న ఆ వంతెన 1959లో ప్రారంభమైంది. దానికి రాజేంద్రసేతు అని పేరు.

1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదుతో సత్కరించింది. 1960లో, ఆయన జీవించి ఉండగానే, ఆయన చిత్రంతో తపాలాబిళ్ళ విడుదల చేసింది. నూరేళ్ళు నిండిన తరువాత, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో విశ్వేశ్వరయ్య కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను మన దేశంలో ఇంజనీర్ల దినంగా జరుపుకొంటారు. ముద్దేనహళ్ళిలో ఆయన స్మారకం ఉంది. దాని ఎదుట నిలబడితే నందికొండలు కనిపిస్తాయి.